చుక్క లేని ముఖం

సన్నీవేల్

"వీడికి మీసం ఏదే?" అని నేను అడగడంతో ఈ ప్రయాణం మొదలైంది.

మా అన్న కూతురు మాధవికి సన్నీవేల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొన్నాళ్లు ఉండి వెళ్లమని పిలిస్తే వెళ్లాను. శనివారం వచ్చిందంటే ఆ పిల్ల సోఫాలో ముడుచుకుని చైనా సీరియళ్లు చూస్తుంది. ఆ రోజు చూస్తున్న దాంట్లో కథానాయకుడు వెన్నముద్దలా ఉన్నాడు. నడుం దాకా జుట్టు, సన్నని వేళ్లు, పెదవులకి రంగు, చేతిలో విసనకర్ర. వాడు ఒక పద్యం రాసి గాలికి వదిలితే ఊళ్లో ఆడపిల్లలంతా గోడలెక్కి చూస్తున్నారు. మా నాటకాల్లో అలాంటి ముఖం కనపడితే చీర కట్టి చెలికత్తె వేషం ఇచ్చేవాళ్లం.

నేను తెనాలి వైపు పౌరాణిక నాటకాల వాళ్లకి రంగు వేసి, మీసాలు అంటించే పని చాలా ఏళ్లు చేశాను. మా దగ్గర మగతనం అంతా స్పిరిట్ గమ్ సీసాలో ఉండేది. పగలంతా సోడాలు కొట్టే మనిషి కూడా మీసం అంటుకోగానే అద్దంలో తనని చూసుకుని గొంతు పెంచేవాడు. 'మీసం మీద నిమ్మకాయ నిలబడాలి' అన్నది మా కొలత.

ఆ మాట మాధవి ఇంగ్లీషులో చెప్తే, టీకి వచ్చిన లిన్ పొట్ట పట్టుకుని నవ్వింది. లిన్ మాధవి ఆఫీసులోనే పనిచేస్తుంది, కింద ఫ్లాటులో ఉంటుంది.

"మా అమ్మమ్మ పెళ్లికొడుకుని చూడడానికి వెళితే మీసం చూడదు ఆంటీ. చేతులు చూపించమంటుంది" అంది లిన్. "వేళ్లు పొడుగ్గా ఉండాలి, చేతిరాత బాగుండాలి. గోళ్ల కింద మట్టి ఉంటే లేచి వచ్చేస్తుంది."

"మరి పోట్లాట వస్తే?"

"దానికి వేరే మగాడు ఉంటాడు" అంది.

వాళ్ల భాషలో మగవాడికి రెండు మాటలు ఉన్నాయట. ఒకటి వెన్, అంటే కలం, చదువు, మృదువైన మాట. రెండోది వూ, అంటే కత్తి, కండ, తెగువ. రెండూ ఉన్నవాడు పూర్తి మనిషి. ఒకటే ఇస్తామంటే కలమే తీసుకోమంటారు పెద్దలు. నాకు ఇది వింతగా తోచింది. చదువు రానివాడు మగాడు కాకుండా పోయే చోటు ఒకటి ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

"మా నాన్న వూ, మా తమ్ముడు వెన్" అంది లిన్, నవ్వు ఆపేసి. "అందుకే ఇద్దరికీ మాటల్లేవు."

వాళ్ల నాన్న ఒక నది పక్క ఊళ్లో ఉంటాడు. అక్కడి పాత చైనా గుడిలో ఏటా జాతరకి ఎర్రముఖం దేవుడి వేషం కడతాడు. వచ్చే శనివారమే జాతర. "మీరు రంగు వేసినవారు కదా ఆంటీ, మా నాన్న రంగు వేసుకోవడం చూడాలి. రండి" అంది. ఆ దేవుడి పేరు పలకకూడదని వాళ్లకి పట్టింపు కాబట్టి నేనూ రాయడం లేదు. ఊరి పేరు కూడా రాయవద్దని తర్వాత లిన్ అడిగింది.

కరకట్ట మీద దారి

శుక్రవారం పొద్దున్నే బయలుదేరాం. మాధవి డ్రైవ్ చేసింది. కొండల మీద గాలిమరలు దాటాక నేల చాపలా పరుచుకుంది. ఆ తర్వాత దారి కరకట్ట ఎక్కింది. కృష్ణ కరకట్ట తెలిసినవాళ్లకి ఆ దారి కొత్త కాదు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క తోటలు. తేడా ఏమిటంటే అక్కడ నది ఎత్తులోనూ, నేల పల్లంలోనూ ఉన్నాయి. పియర్ తోటలు ఆకు రాలి, కొమ్మలు కత్తిరించి, నల్లగా వరసలు కట్టి ఉన్నాయి. ఒకచోట ఇళ్ల పైకప్పుల కన్నా ఎత్తున ఒక పడవ మెల్లగా వెళ్లిపోతోంది. నీళ్లు కనపడవు. పడవ ఒక్కటే గట్టు మీద తేలుతూ కనిపించింది.

"అత్తా, ఫోటో తీయి" అంది మాధవి. నాకు తీయబుద్ధి కాలేదు.

దారిలో ఆగి నూడుల్సు తిన్నాం. గిన్నె పద్నాలుగు డాలర్లు. ఒక్కరికి తెచ్చింది ముగ్గురం తిన్నాం. లిన్ టీ పోస్తుంటే మాధవి రెండు వేళ్లతో బల్ల మీద తట్టింది. అది వాళ్ల 'థాంక్స్' అట. నేను తట్టబోయి కప్పు దొర్లించాను. వేడి టీ నా చీర కుచ్చిళ్ల మీద పడింది. కొట్టు ఆవిడ పరిగెత్తుకొచ్చి గుడ్డ ఇచ్చి, వద్దన్నా ఇంకో కప్పు పోసింది. ఈసారి తట్టకుండా దణ్ణం పెట్టాను.

లిన్ తమ్ముడి సంగతి అక్కడే చెప్పింది. అతని పేరు జున్. శాక్రమెంటోలో ఒక కాలేజీలో చైనా భాష చెప్తాడు. సాయంత్రాలు ఒక సంగీత బృందంతో కలిసి పాత నాటకాల్లో పండితుడి వేషం కడతాడు. ఆ వేషానికి గడ్డం ఉండదు, సన్నని గొంతుతో పాడాలి, తెల్లని ముఖం మీద గులాబి రంగు. కొత్త సంవత్సరం విందులో ఎవరో జున్‌ని పాడమన్నారు, అతను పాడాడు. పాట అయ్యాక అందరి ముందూ వాళ్ల నాన్న, "దేవుడు నాకు ఇద్దరు కూతుళ్లని ఇచ్చాడు" అన్నాడు. బల్ల చుట్టూ నవ్వారు. జున్ గిన్నె బోర్లించి లేచి వెళ్లిపోయాడు. ఈసారి జాతరకి రానన్నాడు.

"రాకపోతే ఏమవుతుంది?" అన్నాను.

"చుక్క ఎవరు పెడతారు ఆంటీ?" అంది లిన్.

ఆ ముఖానికి ఒక నియమం ఉంది. ఎరుపు వేసి, నల్ల కనుబొమలు దిద్ది, గీతలన్నీ గీసుకున్నాక చివర చెంప మీద ఒక నల్లచుక్క పెట్టాలి. దేవుడికి లేని మచ్చ అది. చుక్క ఉంటే వేషం, చుక్క లేకపోతే ఆయనే. దాన్ని తన చేత్తో పెట్టుకోకూడదు. ఇంటి మగపిల్లాడు పెట్టాలి, ఆడవాళ్లు ఆ ముఖాన్ని తాకకూడదు. జున్ బడికి వెళ్లే వయసు నుంచి ఏటా అతనే పెడుతున్నాడు.

పసిపిల్లకి పెట్టే దిష్టిచుక్క గుర్తొచ్చి, "మాకూ ఉంది ఇది" అన్నాను సంతోషంగా. మనం చుక్క పెట్టేది లోకం కన్ను పడకుండా. వాళ్లు పెట్టేది దేవుడు దిగకుండా. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

నదికి కింద ఊరు

ఊరంటే ఒకటే వీధి. చెక్క ఇళ్లు ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. చాలా కొట్లకి తాళాలు. బోర్డుల మీద చైనా అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. నాకు యాభై దాటాక గానీ అక్షరాలు రాలేదు. అంతకు ముందు తెలుగు బోర్డులు కూడా ఇలాగే కనపడేవి, ఎవరో ఏదో చెప్తున్నారు, నాకు కాదు అన్నట్టు.

లిన్ నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, పొట్టి, వెడల్పు భుజాలు. పోయిన ఏడు పక్షవాతం తగిలి తగ్గింది. కుడిచేయి వణుకు, కుడికాలు ఈడ్పు మిగిలాయి. ఆ చేత్తోనే మాకు టీ పోశాడు. సగం బల్ల మీదే పడింది. లిన్ లేవబోతే కళ్లెర్ర చేశాడు.

ఆయన మాట చైనా భాషలో లిన్‌కి చేరి, ఇంగ్లీషులో మాధవికి చేరి, తెలుగులో నాకు చేరేది. నేను రంగు వేసేదాన్నని విని నా వైపు తిరిగాడు.

"మీ ఆయనకి మీసం ఉండేదా?"

"ఉండేది. కానీ బల్లిని చూస్తే మంచం ఎక్కేవాడు" అన్నాను.

ఆ మాట రెండు గుమ్మాలు దాటి ఆయన దగ్గరికి వెళ్లేదాకా అందరం ఎదురు చూశాం. చేరగానే తొడ మీద చరుచుకుని నవ్వాడు. తర్వాత వేలు చూపించి, "నాకు ఎలక" అన్నాడు. లిన్ తెల్లబోయింది. ఆ సంగతి ఆమెకే తెలియదట.

గోడ మీద పెద్ద కాగితం వేలాడుతోంది. నల్ల సిరాతో నాలుగే అక్షరాలు. కుంచె నీళ్లలా పారింది. దాని మీద దుమ్ము లేదు, రోజూ ఎవరో తుడుస్తున్నారు. ఏమని రాసి ఉంది అని అడిగాను. ఆయన ముఖం తిప్పుకుని, "రాసినవాడిని అడగండి" అన్నాడు. రాసింది జున్.

మందు సీసా మీద రాసింది చదవమని లిన్‌కి ఇస్తూ, "కళ్లజోడు ఎక్కడో పెట్టాను" అన్నాడు. కళ్లజోడు జేబులోనే కనపడుతోంది. బస్సు బోర్డు చదవమని పక్కవాళ్లని అడుగుతూ నేనూ ఏళ్ల తరబడి అదే మాట అన్నాను. తర్వాత వంటింట్లో లిన్ చెప్పింది: నాన్న చిన్నప్పుడే ఈ తోటల్లో పనికి వచ్చాడు, తర్వాత హోటల్ వంటింట్లో చేశాడు, ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు.

గుడి

శనివారం పొద్దున గుడికి వెళ్లాం. మన గుళ్లలా రాయి కాదు, ఎర్ర చెక్క. లోపల సాంబ్రాణి పొగకి దూలాలు నల్లబడ్డాయి. మెట్ల మీద నిలువునా కాల్చిన పంది, నోట్లో నారింజ. మా వైపు పోతు మాంసం పెట్టే గుళ్లు తెలుసు కాబట్టి నేను తొట్రుపడలేదు. మాధవి మాత్రం ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఒక డాలరు వేసి కర్రల డబ్బా ఊపితే, రాలిన కర్రని బట్టి జోస్యం చెప్తారు. చిలక ఒక్కటే తక్కువ.

ఎర్రముఖం దేవుడు లోపల కూర్చుని ఉన్నాడు. నల్లని గడ్డం పొట్ట దాకా. ముందు మొక్కుకున్నవాళ్లు పెట్టిన నారింజల గుట్ట, సాంబ్రాణి పుల్లలు. పక్కన పొడుగు కర్రకి బిగించిన పెద్ద ఇనుప కత్తి. ఊరేగింపులో దాన్ని ఇద్దరు మగవాళ్లు మోస్తారట. ఒక చేయి గడ్డం మీద ఉంది. రెండో చేతిలో ఏముందో దగ్గరికి వెళ్లాక కనిపించింది. పుస్తకం.

"యుద్ధం దేవుడు కాదా ఈయన?" అన్నాను.

"అవును. రాత్రంతా దీపం పెట్టుకుని చదువుతాడు" అంది లిన్. "అందుకే అందరికీ దేవుడు. రెండూ ఉన్నాయి ఆయనకి."

ఆ దేవుడి కళ్లు మన వైపు చూడవు. పుస్తకం మీదే ఉంటాయి. నేను పక్కకి జరిగినా, వంగినా, చూపు కలవదు. గుడికి వెళ్లి దేవుడి కంట పడకుండా రావడం అదే మొదటిసారి.

అద్దం ముందు

గుడి వెనక గదిలో లిన్ నాన్న రంగు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర స్టూలు వేసి నన్ను కూర్చోనిచ్చారు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని, వణుకు ఆగిన క్షణంలో ఒక్కో గీత గీశాడు. చాలాసేపు పట్టింది. ఎరుపు పడే కొద్దీ టీ పోసిన మనిషి తగ్గిపోతూ వచ్చాడు. గడ్డం కట్టాడు. అన్నీ అయ్యాయి. కుంచె కింద పెట్టాడు. కుంచె పెట్టాక ఆయన మాట్లాడకూడదు, ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు.

చెంప ఖాళీగా ఉంది.

ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని అద్దంలో గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. లిన్ బయటికి వెళ్లి ఫోన్ చేసింది, మళ్లీ చేసింది. జున్ ఎత్తలేదు. గుడి పెద్ద, హో అనే ముసలాయన, వచ్చి నల్లరంగు సీసా తీసుకుని ముందుకు వంగాడు. లిన్ నాన్న అరచేయి ఎత్తి ఆపాడు. హో చేతులు జోడించి అడిగాడు. మళ్లీ అరచేయి.

బయట డప్పు మొదలైంది. లేవాలి. ఆయన లేవలేదు. అద్దంలో గుమ్మాన్నే చూస్తున్నాడు. డప్పు రెండోసారి తిరిగి వచ్చేసరికి లేచాడు. లిన్ నా చేయి పట్టుకుంది.

"ఆంటీ, ఆయన కుడికాలు ఈడుస్తాడు" అంది గుసగుసగా. మాధవి నా చెవిలో తెలుగు చేసింది.

నా పక్క నుంచి వెళ్లిన మనిషి ఏ కాలూ ఈడ్వలేదు.

ఆట

గుడి ముందు వేసిన చెక్క వేదిక మీద ఆట. దేవుడు కాకముందు ఆ ఎర్రముఖం వీరుడు శత్రువుల మధ్య నుంచి ఒంటరిగా దారి చేసుకుని అన్న దగ్గరికి చేరే ఘట్టం. ఏటా ఆయన చెక్క కత్తితో ఆడతాడట. చెక్క కత్తి వేదిక పక్కనే ఆనించి ఉంది. ఆయన దాన్ని దాటి గుడిలోకి వెళ్లి, దేవుడి పక్కనున్న ఇనుప కత్తి తీసుకుని వచ్చాడు. ఒంటిచేత్తో, కుడిచేత్తో.

మా దగ్గర వీరుడు వచ్చాడంటే గోల. తొడ చరుస్తాడు, పద్యం ఎత్తుకుంటాడు, జనం వన్స్‌మోర్ అంటారు. ఇక్కడ ఆయన ఏమీ చేయలేదు. వేదిక మధ్యకి నడిచి ఆగాడు. గడ్డం నిమిరాడు. కళ్లు సగం మూసుకున్నాడు. శత్రువుల వేషగాళ్లు దూకాల్సినవాళ్లు దూకడం మరిచిపోయారు. కత్తి ఒక్కసారి తిప్పాడు. ఆ గాలి మొదటి వరసలో ఉన్న నా ముఖానికి తగిలింది.

జనం చప్పట్లు కొట్టలేదు. ముసలివాళ్లు ఒక్కొక్కరే లేచి, కుర్చీ చప్పుడు కాకుండా మడిచి, వేదిక వైపు తల వంచి వెళ్లిపోయారు. చివరకి డప్పు వాయించేవాడు, మేమూ, కొందరు టూరిస్టులూ మిగిలాం. టూరిస్టులు మాత్రం, "అమేజింగ్" అని ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

ఆట అయ్యాక ఆయన గుడిలో మొక్కి రంగు తుడుచుకోవాలి. కత్తిని మళ్లీ దాని చోట నిలబెట్టాడు. దేవుడికి మాత్రం మొక్కలేదు. ఎదురెదురుగా కాసేపు నిలబడి ఇంటి దారి పట్టాడు.

ఎర్రముఖం

సాయంత్రానికి మంచు దిగింది. ఆ ప్రాంతంలో చలికాలం నేల మీద నుంచే లేచే మంచు అది. నదిలో పెరిగే జమ్ము పేరే దానికి పెట్టారట. వీధి పోయింది, ఎదురిల్లు పోయింది. గట్టు మీద ఏదో పడవ కూత వేస్తే మన నెత్తి మీదే వేసినట్టుంది.

ఆయన హాల్లో కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ముఖం తుడుచుకోలేదు. లిన్ జావ తెచ్చి ముందు పెట్టింది. ముట్టలేదు. నీళ్లూ ముట్టలేదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, షుగరు మనిషి. పేరు పెట్టి పిలవకూడదు, 'నాన్నా' అనకూడదు, ముఖం తాకకూడదు.

"లిన్, దిస్ ఈజ్ నాట్ ఓకే. నైన్ వన్ వన్‌కి కాల్ చెయ్" అంది మాధవి.

లిన్ చేసింది కూడా. మంచు వల్ల గట్టు దారిలో ప్రమాదం జరిగిందనీ, ఊపిరి సరిగ్గా ఉంటే ఆగమనీ, తేడా వస్తే వెంటనే చెప్పమనీ అన్నారు. లిన్ ధైర్యం తెచ్చుకుని ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది. చూసి వదిలేసింది.

"బాగుంది. నాకన్నా బాగుంది" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "వణకడం లేదు ఆంటీ. ఇది మా నాన్న చేయి కాదు."

పూనకాలు నేను చాలా చూశాను. మా వైపు అమ్మవారు వచ్చిందంటే అరుస్తుంది, తిడుతుంది, పసుపునీళ్లు పోస్తే ఏం కావాలో చెప్తుంది. చీర అడుగుతుంది, కోడిని అడుగుతుంది. ఇచ్చి పంపిస్తాం. ఇక్కడ కూర్చున్నది ఏమీ అడగలేదు. నాకు భయం వేసింది అందుకే. అడగని దేవుడిని ఎలా పంపించాలి?

అలవాటు కొద్దీ నేను ఒక పని చేయబోయాను. మా వేషగాళ్లు రంగులో ఉండిపోతే మజ్జిగ ఇచ్చి, కొబ్బరినూనె గుడ్డతో ముఖం తుడిచి, 'ఇక దిగరా' అంటాం. వంటింట్లో నూనె, గుడ్డ తీసుకుని వచ్చాను. లిన్ రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డం నిలబడింది. "ప్లీజ్ ఆంటీ" అంది. ఆ సమయానికి ఆయన లేచాడు.

జున్ వదిలి వెళ్లిన పుస్తకాలు గూట్లో ఉన్నాయి. అందులో లావుపాటిది తీసుకుని మళ్లీ కూర్చున్నాడు. ఒక చేయి గడ్డం మీద, ఇంకో చేతిలో పుస్తకం. గుడిలో చూసిన బొమ్మే.

"పోజ్ అంతే అత్తా. యాక్టింగ్. అలవాటైన పోజ్" అంది మాధవి. తనకి తాను చెప్పుకుంటున్నట్టుంది.

కావచ్చు. కానీ చదువు రానివాళ్లు పుస్తకం ఎలా పట్టుకుంటారో నాకు తెలుసు. కళ్లు కాగితం మధ్యలో ఒకచోట నిలిచిపోతాయి. ఎవరైనా చూస్తున్నారనుకుంటే పేజీ తిప్పుతాం. ఆ పుస్తకంలో వరసలు నిలువుగా ఉన్నాయి. ఆయన కళ్లు పై నుంచి కిందికి దిగుతున్నాయి. కింద దాకా వచ్చి మళ్లీ పైకి ఎక్కి, పక్క వరసలో దిగుతున్నాయి. ఒకచోట ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివి ముందుకు వెళ్లాయి. అర్థం కాకపోతే నేనూ ఇప్పుడు అలాగే చేస్తాను. ఇంతవరకూ ఈ మాట మాధవికి చెప్పలేదు.

చివరకి జున్ ఫోన్ ఎత్తాడు. లిన్ స్పీకర్‌లో పెట్టింది.

"ఆయనే కదా రావద్దన్నాడు" అంది ఆ సన్నని గొంతు.

"రావద్దనలేదు. ఎగతాళి చేశాడు."

"తేడా ఏముంది?"

"జున్, ఆయన చుక్క లేకుండా ఎక్కాడు. ఇంకా తుడుచుకోలేదు. తినడం లేదు."

అటువైపు కారు తాళాల చప్పుడు వినిపించింది. తర్వాత, "వస్తున్నాను" అన్నాడు.

లిన్ ఆయన కుర్చీ పక్కనే నేల మీద దుప్పటి పరుచుకుంది. మమ్మల్ని లోపలి గదిలోకి పంపింది.

తెల్లవారాక

జున్ తెల్లారాక గానీ చేరలేదు. మంచులో కారుని నడక వేగంతో నడిపించుకుంటూ వచ్చాడు, మధ్యలో ఆగిపోయి కారులోనే గడిపాడు. సన్నగా, పొడుగ్గా, కళ్లద్దాలతో ఉన్నాడు. లిన్ వాళ్ల అమ్మమ్మకి నచ్చే చేతులు.

హాల్లోకి వచ్చి ఆగిపోయాడు. కుర్చీలో ఎర్రముఖం నిన్నటిలాగే నిటారుగా ఉంది. పుస్తకం చివరి పేజీల్లోకి వచ్చింది. పెదవుల మీద రంగు పగిలి పొక్కులు లేచింది. లిన్ ఫోను చేతిలోనే పట్టుకుని ఉంది, ఈసారి ఎవరు ఆగమన్నా ఆగేలా లేదు.

"తుడిచెయ్ జున్. నువ్వు తుడవచ్చు" అంది.

జున్ గుడ్డ తీసుకోలేదు. రంగుల పెట్టె తెరిచి, నలుపు తీసుకుని, కుంచె కొన నాలుక మీద తడిపాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. అతని చేయి వణుకుతోంది. ఆ ఇంట్లో వణికే చేయి ఆ పొద్దున అదొక్కటే.

ఎర్రముఖం పుస్తకం మీద నుంచి చూపు ఎత్తింది. రెండు రోజుల్లో ఆ కళ్లు ఒక మనిషిని చూడడం నేను అప్పుడే చూశాను. జున్ తల దించుకోలేదు. ఆ చూపులోకి చూస్తూనే చెంప మీద చుక్క పెట్టాడు.

కొంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత పుస్తకం ఒళ్లోంచి జారింది. కుడిచేయి మోకాలి మీద మెల్లగా, తర్వాత గట్టిగా వణకడం మొదలుపెట్టింది. లిన్ నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. వణుకు తిరిగొచ్చిందని ఏడ్చేవాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆయన ఏదో అన్నాడు. గొంతు ఎండిపోయి ఉంది. లిన్ తెల్లబోయి చూసి ఇంగ్లీషులో చెప్పింది. మాధవి నాకు చెప్పడానికి కాస్త ఆగింది.

"ఏమన్నాడే?"

"'ఇంత ఆలస్యమా? నీ కోసమే కూర్చున్నాను. డప్పు మొదలైపోతుంది' అన్నాడు అత్తా."

జున్ అక్కని చూశాడు. లిన్ తల అడ్డంగా ఊపింది.

"ఆట లేదు నాన్నా" అన్నాడు జున్. "మంచు పట్టింది. ఈసారికి మానేశారు."

ఆయన ఆలోచించాడు. "మంచిదే. నాకూ ఒంట్లో బాగోలేదు" అన్నాడు. తర్వాత, కొడుకు ముఖం చూడకుండా, "పండగ పాట ఇంకోసారి పాడతావా? ఆ రోజు సరిగా వినలేదు" అన్నాడు.

జున్ పాడలేదు. కట్టుడు గడ్డం విప్పి, గుడ్డ నూనెలో ముంచి ముఖం తుడవడం మొదలుపెట్టాడు, నుదురు, ముక్కు, ఒక చెంప, చుక్క ఉన్న చెంప. కింద నుంచి ముసలిముఖం వచ్చింది. తర్వాత జావ చెంచాతో తాగించాడు. సగం గడ్డం మీద పడింది. ఆయన కళ్లెర్ర చేయలేదు. ఆ జావ పూర్తయ్యేసరికి జున్ చాలా చిన్నగా, గిన్నెలోకి వంగి, పాట ఎత్తుకున్నాడు. ఆ గొంతు ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు. ఆయన చెయ్యి వణుకుతూనే తాళం వేసింది.

మేము ఎండ వచ్చాక బయలుదేరాం. మమ్మల్ని సాగనంపడానికి ఆయన జున్ భుజం పట్టుకుని, కుడికాలు ఈడుస్తూ గుమ్మం దాకా వచ్చాడు. తలుపు తీసి ఆగిపోయాడు.

మెట్ల నిండా నారింజలు. ఆకులతో కోసినవి, గుట్టలుగా పేర్చి ఉన్నాయి. మధ్యలో సాంబ్రాణి పుల్లలు కాలి బూడిద రాలి ఉంది. ఊళ్లో ముసలివాళ్లు మంచులోనే వచ్చి పెట్టి, తలుపు తట్టకుండా వెళ్లిపోయినట్టున్నారు.

ఆయన వాటిని చూసి జున్ వైపు తిరిగి ఒక మాట అడిగాడు. ఈసారి నాకు తెలుగు అక్కర్లేకపోయింది, అయినా మాధవి చెప్పింది.

"మనింటికి ఎవరొచ్చారు?"

అంత చదువుకున్న కొడుకు తండ్రిని గోడకి ఆనించి నిలబెట్టి, వంగి నారింజలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు.